దేవుడి కాటా చీటీ

ఆ రోజుల్లో నేను గుంటూరులో ఒక కంప్యూటర్ల కొట్టులో పనిచేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొసగక బడి మానేసినవాణ్ణి. కొట్టులో ప్రోగ్రాములు రాసే మిత్రుడొకడు ఉండేవాడు, డిగ్రీ చదివినవాడు. వాడు రాస్తే నేను బస్సెక్కి వెళ్ళి పెట్టొచ్చేవాణ్ణి. పెట్టింది పనిచెయ్యకపోతే తిట్లు తినడానికి వెళ్ళేదీ నేనే. ఆ పనిలో నన్ను మించినవాడు మా కొట్టులో లేడు.

సత్తెనపల్లి దగ్గర ఒక జిన్నింగు మిల్లుకి పత్తి తూకం ప్రోగ్రాం ఇచ్చాం. ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు కంప్యూటర్లో పడుతుంది. నిండు బండి ఒకసారి, పత్తి దించాక ఖాళీ బండి ఒకసారి. రెండూ అయ్యాకే రైతు చేతికి చీటీ. కొన్నాళ్ళు బుద్ధిగా నడిచి, తర్వాత అది ఎప్పుడు పడితే అప్పుడు టక్కున మూసుకుపోవడం మొదలుపెట్టింది. మూసుకుపోతే అప్పటిదాకా తూచిన నిండు బళ్ళ లెక్క గాలికి పోయినట్టే. మళ్ళీ తూద్దామంటే పత్తి అప్పటికే లోపలి కుప్పలో కలిసిపోయి ఉంటుంది. రైతులొచ్చి కాటా గది తలుపు బాదేవాళ్ళు.

ఆ తలుపు వెనక కూర్చునేది ఒక అమ్మాయి. దూదేకుల సాయిబుల పిల్ల. తాత ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకినవాడు. తండ్రికి పక్షవాతమొచ్చి మంచాన పడ్డాక ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. సాయంత్రం నుంచి ఇంకొకడు కూర్చునేవాడు. వాడి చేతిలో ప్రోగ్రాం ఒక్కసారీ మూసుకుపోలేదు. పోయినప్పుడల్లా ఆమె ఉన్న పొద్దుటి పూటే పోయేది. ఆ పిల్ల చెయ్యి మిషనుకి అచ్చిరాలేదని మిల్లంతా అనుకోవడం మొదలైంది.

"ఏరా కంప్యూటరూ, మిషను బాగుచేస్తావా, మనిషిని మార్చమంటావా?" అన్నాడు యజమాని. "నడి సీజన్లో రైతుల చేత నేను తిట్లు తినలేను."

"తిట్లు తినడం నా ఉద్యోగం కదండీ, అందులోకి కూడా మీరొస్తే నేనెలా బతకాలి?" అన్నాను. ఆయన నవ్వలేదు.

మిత్రుడు ప్రోగ్రాంలో కొత్త ఏర్పాటు చేశాడు. ఏ పని మొదలుపెట్టినా ఒక వాక్యం, ముగించాక ఒక వాక్యం అది ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. చచ్చేముందు ఏ పనిమీద ఉందో చివరి వాక్యం చూస్తే తెలుస్తుందన్నాడు.

"మరణ వాంగ్మూలం అన్నమాట" అన్నాను.

ఫ్లాపీ తీసుకెళ్ళి పెట్టి, కాటా గదిలో స్టూలేసుకుని కూర్చున్నాను. రోజూ వెళ్ళాను. ఏమీ కాలేదు. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, చీటీలు పడుతున్నాయి. "మగాడు పక్కన కూర్చుంటే చూడు, మిషను ఎంత వినయంగా ఉందో" అన్నాడు గుమాస్తా. ఆ అమ్మాయి తెరమీంచి చూపు తిప్పలేదు. మిషను మూసుకుపోవాలని మొక్కుకున్న మనిషి ఆ మిల్లులో ఆమె ఒక్కతే అయుంటుంది.

పనిమీద ఊరెళ్ళిన యజమాని తిరిగొచ్చిన రోజు పొద్దున, కాటా పళ్ళెం మీద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గది వైపు తలూపాడు. ఆమె ఏదో కొట్టింది, చీటీ వచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని పటం ముందు పెట్టాడు. నేనూ లేచి దణ్ణం పెట్టుకున్నాను. కాసేపటికి, కాటా మీద ట్రాక్టరు ఉండగానే, తెర నల్లబడింది.

లాగ్ తెరిచాను. చివరి వాక్యం: బండి స్వామి, బరువు సున్నా, తరుగు శాతం లెక్క మొదలు. ఆ కింద ముగిసినట్టు లేదు.

"అమ్మాయ్, ఎవరీ స్వామి? బరువు లేని బండేసుకుని ఏం అమ్ముదామని వచ్చాడు?"

"అది బండి కాదన్నా, దేవుడి చీటీ. అయ్యగారు ఊళ్ళో ఉన్న రోజు బోణీకి ముందు కొట్టమంటారు. మొదట్లో చేత్తో రాసేవారు, తర్వాత ఇందులోనే కొట్టమన్నారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏ బండి దగ్గర పోతోందని అడిగారు. ఇది బండి కాదుగా."

నిజమే. దణ్ణం పెట్టుకున్న నేను మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకున్నానా?

మిల్లు ఫోన్లో మిత్రుడికి చెప్పాను. కొన్ని బళ్ళు పోగయ్యాక ప్రోగ్రాం ఒక్కో బండికీ తేమకని తీసేసే తరుగుని బరువుతో భాగించి, అప్పుడు అన్నిటినీ భద్రం చేస్తుందట. "సున్నాతో భాగించమంటే మిషను చస్తుందిరా. బడిలో చెప్పలేదూ?"

"నేను మానేశాక చెప్పుంటార్రా."

మళ్ళీ తెరిస్తే దేవుడి చీటీ కూడా పోయి ఉంటుంది కాబట్టి ఆ రోజుకి ఇంక గొడవుండదు. ఒక్క వాక్యం మారిస్తే సరి, రేపు ఫ్లాపీ ఇస్తానన్నాడు. నేను ఆ ఊపులోనే యజమాని గదికి వెళ్ళాను.

"దొరికిందండీ! ఆ అమ్మాయి తప్పేం లేదు. దేవుడి చీటీ దగ్గర పోతోంది."

"దేవుడి చీటీ దగ్గరా?" ఆయన ముఖం మారిపోయింది.

"అంటే, బరువు సున్నా కదండీ, దాంతో..."

"ఆగరా. మా నాన్నగారి కాలం నుంచీ మొదటి చీటీ స్వామి పేరునే రాస్తున్నాం. ఎన్నడూ లేని అరిష్టం ఇప్పుడెందుకొచ్చింది? ఎవరి చేత కొట్టిస్తున్నానో నాకే బుద్ధి లేకపోయింది."

"అయ్యా, ఎవరు కొట్టినా పోతుందండీ. సాయంత్రం కుర్రాడు కొట్టినా పోతుంది, నేను కొట్టినా..."

"చాల్లే. నువ్వు చెప్పాకేగా నాకు తట్టింది" అన్నాడు, మెచ్చుకోలుగా.

మర్నాడు ఫ్లాపీతో వెళ్ళేసరికి ఆమె కుర్చీలో యజమాని బంధువు కూర్చుని ఉన్నాడు. మార్చిన ప్రోగ్రాం పెట్టాను. కొబ్బరికాయ కొట్టారు. కొత్తాయన స్వామి చీటీ కొట్టాడు. పొద్దుగూకేదాకా మిషను చెక్కుచెదరలేదు. ఆ సీజనంతా చెదరలేదు.

"చూశావా?" అన్నాడు యజమాని.

"మావాడు ఒక వాక్యం మార్చాడండీ" అన్నాను.

"మారిస్తేనేగా ఏదైనా బాగుపడేది" అన్నాడు గుమాస్తా, కొత్తాయన వైపు చూస్తూ.

ఆ ఎండాకాలం గుంటూరు పొలిమేరలో ఒక మిర్చి శీతల గిడ్డంగికి పనిమీద వెళ్ళాను. ఆవరణలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మూతికి గుడ్డ కట్టుకున్న ఒకామె "అన్నా" అని పిలిచింది. గొంతుని బట్టి గుర్తుపట్టాను.

"ఇప్పుడు కూడా మూసుకుపోతోందా?"

"లేదమ్మా."

"నేను వచ్చేశాక ఒక్కసారన్నా?"

"లేదు. కానీ అది నీ వల్ల కాదు..." అంటూ సున్నా సంగతి, భాగహారం సంగతి, మార్చిన వాక్యం సంగతి తుమ్ముల మధ్యనే చెప్పాను. చేతులు ఆపకుండా విన్నది.

"నాకు అర్థమైందన్నా. మా నాన్నకే అర్థం కావడం లేదు. ఏం చేశావే ఆ మిషన్ని అని ఇప్పటికీ అడుగుతాడు. ఆ చివరి వాక్యం ఉందన్నావే, అది కాగితం మీద తీసిస్తావా? చదివి వినిపిస్తాను."

తప్పు దొరికాక లాగ్ చెరిపెయ్యడం మా కొట్టు పద్ధతి. డిస్కులో చోటు చాలేది కాదు. ఆ మాటే చెప్పాను. ఆమె సరేనని తలూపి, ఎర్రబడ్డ వేళ్ళని చీరకొంగుకి తుడుచుకుని, ఇంకో దోసెడు కాయలు ముందుకి లాక్కుంది.