డ్రైవర్ల గొంతులు

ఆమెను వీధిలో అందరూ టేపులక్క అనేవారు. పగలు కోర్టు బయట టైపు కొట్టేది. సెలవు రోజు వస్తే టేపురికార్డరు సంచిలో వేసుకుని, పాతకాలపు కార్లు నడిపిన ముసలి డ్రైవర్ల ఇళ్లకు బయల్దేరేది. బండి స్టార్టు చేయబోతే హ్యాండిల్ వెనక్కి తన్ని చెయ్యి విరిగిన సంగతి, వెనక సీట్లో యజమాని తాగి పడుకుంటే దారిలో పురిటినొప్పులు పడుతున్న మనిషిని ముందు ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చిన సంగతి, అన్నీ వాళ్ల మాటల్లోనే పట్టి ఉంచింది. మొట్టమొదట పట్టింది వాళ్ల నాన్న గొంతు. ఆయనా డ్రైవరే. తను నడిపిన కారు ఇంజను ఆడిస్తూ, దాని పక్కనే నిలబడి మాట్లాడాడు.

"ఆ తుప్పు కబుర్లు ఎవడిక్కావాలే?" అని మొగుడు విసుక్కునేవాడు. ఆమె చెవిన వేసుకునేది కాదు.

నాన్న పోయాక కొన్నేళ్లకు పాత కార్ల యజమానులు కలిసి మ్యూజియం పెట్టారు. వాళ్ల కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చాడు.

"ఇక్కడుంటే బూజు పట్టిపోతాయమ్మా. మా దగ్గరైతే పది కాలాలపాటు ఉంటాయి."

నిజమే అనిపించింది. టేపులన్నీ అట్టపెట్టెలో సర్ది తన చేత్తోనే ఇచ్చింది.

ప్రారంభోత్సవానికి పిలుపు రాలేదు. తరవాత తనే టికెట్టు కొనుక్కుని వెళ్లింది. నాన్న నడిపిన కారు అద్దంలా మెరుస్తోంది. పక్కనున్న మీట నొక్కింది. ఇంజను గుర్రుమంది. ఆ వెనకే నాన్న గొంతు సవరించుకోవడం వినిపించింది. అంతే, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

"మాటలు కత్తిరించాం," అన్నాడు అటుగా వచ్చిన కార్యదర్శి. "వచ్చేవాళ్లకి ఇంజను చప్పుడు కావాలిగానీ డ్రైవర్ల సోది ఎందుకమ్మా? పైగా పెద్దిళ్ల గుట్టంతా విప్పేశారు మీవాళ్లు."

"మరి అసలు టేపులు?"

"చప్పుడు తీసుకున్నాక పారేశాం. వాటితో ఇంకేం పని?"

"అయితే మా నాన్నకి గొంతు సవరించుకునే వరకే అనుమతన్నమాట," అంది. అతను నవ్వాడు, హాస్యమాడిందనుకుని.

రికార్డరు దుమ్ము దులిపి మళ్లీ బయల్దేరింది. చాలామంది పోయారు. ఊరి చివర ఒక్క డ్రైవరు మిగిలాడు, మంచం పట్టి.

"మళ్లీ ఎందుకమ్మా? అప్పుడే అంతా చెప్పాగా. నా గొంతు మ్యూజియంలో ఉందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నా. బాగా వినబడుతోందా?"

"బాగా వినబడుతోంది బాబాయ్," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. రికార్డరు సంచిలోంచి తీయకుండానే ఆమె లేచి వచ్చేసింది.