ఆమెకు మీరు అనడం తెలుసు

ఆగస్టు, గురువారం. పొద్దున్నించి వాన.

హాజరు: మా శాఖాధిపతి, మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు, పరిశోధన సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చిన జమున, నేను.

రోజూ ఎవరెవరు ఉన్నారో, ఎవరేమన్నారో రాసుకోవడం నాకు కుర్రతనం నుంచీ అలవాటు. ఆ రోజు మాత్రం ఎవరేమన్నారో రాయలేదు. నేను అన్నది ఒకే ఒక్క మాట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దాన్ని మోశాను. రిటైరయ్యాక దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. చేతికి పని లేకపోయేసరికి ఇంకా బరువెక్కింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అరకు కొండల్లో ఒక చిన్న ఊళ్లో ఉండేది మా విశ్వవిద్యాలయ కేంద్రం. నేను తెలుగు చెప్పేవాణ్ణి. జమున మా దగ్గరే ఎం.ఏ. చదివింది. పై కొండల్లో ఒక గూడెం వాళ్లది. వాళ్ల ఇళ్లలో కలెక్టరునైనా, కన్నతల్లినైనా నువ్వు అనే పిలుస్తారు. అందులో తక్కువ చేయడం లేదు. పాటలు సేకరించడానికి పిల్లలతో కలిసి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు జమున నాన్న నా చేతిలో అంబలి గిన్నె పెట్టి, "తాగు సారూ, సిగ్గేటి? నువ్వు తాగకపోతే మా గుంట జమున నన్ను తిడతాది" అన్నాడు. అంత మర్యాదగా నాకు ఎవరూ ఏదీ పెట్టలేదు.

తిరిగొచ్చాక క్లాసులో గొప్పగా చెప్పాను. దేవుణ్ణి నువ్వంటాం, అమ్మను నువ్వంటాం. ఈ 'మీరు' మధ్యలో వచ్చిన దూరం. అసలు తెలుగు మీ కొండల్లోనే మిగిలింది అని.

జమున లేచింది. "అయితే నిన్ను నువ్వంటే తప్పు కాదు గదా సారూ?"

క్లాసంతా నవ్వింది. "కాదమ్మా, అను" అన్నాను. ఆ రోజు నా ఔదార్యం చూసి నేనే మురిసిపోయాను. అప్పటినుంచి నన్ను నువ్వనేది. మిగతా మాష్టర్లందరినీ జాగ్రత్తగా మీరు అనేది. రెండిటికీ తేడా నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. మనసుకు దగ్గరైతేనే నువ్వు.

ఇంటర్వ్యూలో ఆమె చెప్పిన అంశం వాళ్ల గూడేల్లో జరిగే ఇటుకల పండగ పాటలు. పండగరోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, ఎగతాళి చేస్తూ పాడతారు. ఏదో ఒకటి ఇచ్చేదాకా వదలరు. జమున బాగా చెబుతోంది. ఒక పాట పాడి కూడా వినిపించింది. ప్రొఫెసరు గారు నవ్వుతూ, "అంతా బాగుందమ్మా, ఇందులో సాహిత్యం ఎక్కడుంది?" అని అడిగారు. ఆ నవ్వును ఆమె నమ్మింది. తనూ నవ్వేసింది.

"నువ్వు పండక్కి మా ఊరు రా సారూ. దుంగెట్టి నిన్నే ఆపుతారు మా ఆడోళ్లు. నీ మీదే పాట కడతారు. అప్పుడు తెలుస్తాది నీకు."

ప్రొఫెసరు గారి ముఖం గట్టిపడింది. శాఖాధిపతి కాగితాల్లోకి తల వంచేశాడు. ప్రొఫెసరు గారు నావైపు తిరిగారు. "మీరూ ఇటువైపు వారే కదా. మీరే చెప్పండి. ఇక్కడంతా ఇలాగే మాట్లాడతారా?"

మీరూ ఇటువైపు వారే. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. చదువుకునే రోజుల్లో, ఏమిటిని 'ఏటి' అంటానని, హాస్టల్లో నన్ను 'ఏటిగాడు' అని పిలిచేవాళ్లు. నోరు విప్పితే నవ్వు. ఆ 'ఏటి'ని, ఆ యాసను ఒక్కొక్క మాటగా నాలుక మీంచి గీకేసుకున్నాను. మా అమ్మ ఫోను చేస్తే గది తలుపు వేసుకుని మాట్లాడేవాణ్ణి. అంత కష్టపడి దాటొచ్చిన గట్టుకు ఈయన ఒక్క ప్రశ్నతో నన్ను మళ్లీ తోసేస్తున్నాడనిపించింది.

"అలవాటేం కాదండీ. ఆమెకు మీరు అనడం బాగా తెలుసు" అన్నాను.

అంతే. ఇది అబద్ధం కాదని గమనించారా? ఇన్నాళ్లూ నన్ను కాపాడింది అదే. నిజంగానే ఆమెకు తెలుసు. కానీ ఆ గదిలో ఆ నిజానికి అర్థం ఒక్కటే: ఈ పిల్ల కావాలనే మిమ్మల్ని అవమానించింది. ఆ అర్థం వస్తుందని తెలిసే అన్నాను. నాలుగు ముక్కలు చెబితే సరిపోయేది. అది పిలుపండీ, మిమ్మల్ని తన ఇంటి మనిషిగా ఎంచింది అని చెబితే ఆయన నవ్వేసేవారేమో. క్లాసులో గంటసేపు చెప్పినవాణ్ణి, అక్కడ ఒక్క నిమిషం చెప్పలేకపోయానా? భయమా? భయం ఒక్కటే అయితే ఇంత చేదు ఉండేది కాదు. నేను నా మాటను పోగొట్టుకుని సంపాదించుకున్న కుర్చీ అది. ఈమె తన మాటను వెంటబెట్టుకునే వచ్చి నా పక్కన కూర్చుంటుందా? అదీ నా లోపల ఉన్నది. ఇంతకంటే మర్యాదైన పేరు వెతికాను. దొరకలేదు.

జమున నావైపు చూసింది.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. అర్హులెవరూ లేరట. ఉన్న ఒక్క సీటూ ఆ ఏడాది ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు. ఆమె తర్వాత ఎక్కడా చదవలేదని మాత్రం విన్నాను. వెతికి క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా అది నాకోసమే అవుతుంది. మిమ్మల్ని క్షమించమని కూడా అడగడం లేదు. చెప్పాను. చెప్పినంత మేరకు ఊపిరి ఆడుతోంది. అంతవరకే.

ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. నడకకు బయల్దేరాను. హాస్టలు ముందు రోడ్డు మీద జమున సంచులతో జీపు కోసం నిలబడి ఉంది. తప్పుకుపోదామనుకున్నాను. అప్పటికే చూసేసింది.

"వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించమ్మా" అన్నాను. "నిన్న నేను అన్నది..."

"పర్వాలేదండి" అంది. "మీరు చెప్పినట్టే, నాకు బాగా తెలుసు."

తన యాసలో సెప్పినట్టే అనలేదు. చెప్పినట్టే అంది. నన్ను మీరు అంది.

జీపు వచ్చింది. సంచులు తనే పైకి అందించి ఎక్కింది. "వెళ్లొస్తానండి" అంది.