మూడోసారి దాకా ఆగని ఆర్డిస్

ఆర్డిస్ టోలెఫ్‌సన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని అయోవాలోని నార్డ్‌బీ అనే చిన్న ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఓపిక ఉన్నన్నాళ్లూ బడి బస్సు నడిపింది. వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటే మొక్కజొన్న చేల మధ్య బస్సు ఆపేసి, మీరు ఆగేదాకా నేనూ కదలనని ఊలు అల్లుకుంటూ కూర్చునేది. ఊళ్లోవాళ్లు ఆమె గురించి ‘కాస్త సూటిగా మాట్లాడుతుంది’ అనేవారు. నార్డ్‌బీలో అంతకు మించిన తిట్టు లేదు.

ఆ ఊరి మొహమాటం తలుచుకుంటే చెప్పేవాళ్లకి కూడా ఒళ్లు మండుతుంది. ఇంకొంచెం కాఫీ పోయనా అంటే ‘వద్దులెండి, చాలు’ అనాలి. మళ్లీ అడిగితే ‘అయ్యో, మీకెందుకు శ్రమ’ అనాలి. మూడోసారికి కప్పు కాస్త ముందుకు జరపాలి. మొదటిసారికే సరేనన్నవాణ్ణి మోటు మనిషి కింద జమకడతారు. అడిగేవాళ్లకీ ఈ సంగతి తెలుసు కనక కాఫీ కుండ పట్టుకుని ఓపిగ్గా నిలబడతారు. ఊరివాళ్లు ఊరివాళ్లతో ఇలా ఎన్నాళ్లు వేషాలేసుకున్నా నష్టం లేదు. బయటి మనిషి వచ్చి ఒక్కసారి అడిగి వెళ్లిపోయినప్పుడే కొంపలంటుకుంటాయి.

ఆర్డిస్ కొంప అంటుకున్నది ఆమె బడి చదువు ఆఖరి ఏడు. ఆ రోజుల్లో అయోవాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ అంటే ఊళ్లకి ఊళ్లు తాళాలేసుకుని వెళ్లి చూసేవి. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఈ సగంలో, ముగ్గురు ఆ సగంలో, మధ్య గీత దాటడానికి లేదు. ఆర్డిస్ బుట్టలో బంతి వేసే ముగ్గురిలో ఉండేది. ఆమె చేతికి బంతి వచ్చిందంటే జనం అప్పటికే లేచి నిలబడేవారు. ఆ పేరు విని, కొత్తగా ఆడపిల్లల జట్టు కడుతున్న దక్షిణాది కాలేజీ కోచ్ ఒకావిడ కారేసుకుని వాళ్ల పొలానికి వచ్చింది. చదువూ, తిండీ, బసా అన్నీ కాలేజీయే చూసుకుంటుంది, అమ్మాయిని పంపండి అంది.

ఆర్డిస్ నాన్న కుర్చీలో సర్దుకుని, “అబ్బే, మా పిల్ల కోసం మీకంత శ్రమ దేనికండీ. అదేమంత గొప్పగా ఆడుతుందనీ?” అన్నాడు.

ఆయన లోపల అప్పటికే పంపడానికి ఒప్పేసుకున్నాడు. రెండోసారి అడుగుతుందని చూస్తున్నాడు. ఆవిడ మాత్రం మీ ఇష్టమండీ అని, కాఫీ బాగుందని మెచ్చుకుని, చేతి తొడుగులు వేసుకుని వెళ్లిపోయింది. నాన్న కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కారు రోడ్డెక్కింది, ధాన్యం గాదె పక్కన మలుపు తిరిగింది. “మళ్లీ వస్తుందిలే,” అన్నాడు. పొయ్యి దగ్గర కాఫీ కుండ పట్టుకుని ఆర్డిస్ కూడా అలాగే నిలబడింది. పెద్దవాళ్ల మాటల మధ్య పిల్లలు నోరెత్తే ఇల్లు కాదది. ఆ కారు మళ్లీ రాలేదు.

ఆర్డిస్ ట్రాక్టర్లు బాగుచేసే లీలండ్‌ని పెళ్లి చేసుకుంది, బస్సు తాళాలు పుచ్చుకుంది, పిల్లల్ని పెంచింది. నాన్న మంచాన పడితే వండిపెట్టి, ఒళ్లు తుడిచి, అన్నీ చేసింది. క్షమించడం మాత్రం చెయ్యలేదు. కిటికీ దగ్గర నిలబడే బదులు పరిగెత్తుకెళ్లి కారు ఆపొచ్చు కదా అని ఆయన సమాధి మీద పూలు పెడుతూ కూడా గొణిగేదని లీలండే చెప్పాడు.

ఆ తర్వాత నార్డ్‌బీకి టోర్నమెంట్ వచ్చింది. చుట్టుపక్కల చిన్న కాలేజీలన్నీ కలిసి కట్టుకున్న కూటమిది ఆ టోర్నమెంట్. ఏటా మార్చిలో ఆడపిల్లల జట్లూ మగపిల్లల జట్లూ ఒకే చోట చేరి కప్పు కోసం ఆడతాయి. నార్డ్‌బీలో పాత ఇటుకల ఆడిటోరియం ఉంది, చలికాలంలో వేరే పని లేని జనం ఉన్నారు. ఒక్కో చర్చి ఒక్కో జట్టుని దత్తత తీసుకుని తిండి పెట్టేది. మంచు కురిస్తే ఆర్డిస్ తన పసుపు బస్సు ముందు నడుపుతూ జట్ల బస్సుల్ని ఊళ్లోకి తెచ్చేది. ఏ వేళకి ఏ ఆట అన్న విషయంలో మాత్రం ఆర్డిస్ పట్టు సడలించలేదు. ఆఖరి రోజు మగపిల్లల ఫైనల్ మధ్యాహ్నం, ఆడపిల్లల ఫైనల్ సాయంత్రం ఏడింటికి. పాలు పితకడం అయి, రైతులు స్నానం చేసి వచ్చి కూర్చునే వేళ అది. మరెక్కడా అలా లేదని ఎవరైనా అంటే, మరెక్కడికైనా వెళ్లి చూడండి అనేది.

ఆమె ఒకసారి నగరంలో వేరే కూటమి టోర్నమెంట్ చూసొచ్చింది. ఆడపిల్లల ఆట పొద్దున పదింటికి పెట్టారు. పెద్ద స్టేడియంలో తల్లిదండ్రులు నాలుగు వరసల్లో ముడుచుకుని కూర్చున్నారు. పై మెట్ల మీద పనివాళ్లు చెత్త ఊడ్చే యంత్రం నడుపుతున్నారు. ఒక పిల్ల అద్భుతంగా బంతి వేస్తే చప్పట్ల కంటే ఆ యంత్రం మోతే ఎక్కువ వినబడింది. తిరిగొచ్చాక ఆర్డిస్ వారం పాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇలా ఉండగా కూటమికి ప్రూయిట్ అనే కొత్త పెద్ద వచ్చాడు. టెక్సస్ మనిషి. నగరంలోని కొత్త స్టేడియంవాళ్లు టోర్నమెంట్ మాకివ్వండని అడుగుతున్నారు. టీవీవాళ్లకి సాయంత్రం మగపిల్లల ఆట కావాలి, కాబట్టి అక్కడికి వెళితే ఆడపిల్లల ఫైనల్ పొద్దుటికి జరుగుతుంది. తేల్చే ముందు ఊరి మాట విందామని ప్రూయిట్ స్వయంగా బయల్దేరి వచ్చాడు. లూథరన్ చర్చి నేలమాళిగలో కూర్చోబెట్టి హ్యామ్ శాండ్‌విచ్‌లూ లెఫ్సా రొట్టెలూ పెట్టారు. మేయర్ ఆర్విల్ నైగార్డ్ ఊరి తరఫున ఎదురుగా కూర్చున్నాడు. ఆర్విల్, ఆర్డిస్ ఒకే తరగతిలో చదువుకున్నారు.

ప్రూయిట్ చుట్టూ తిప్పకుండా అడిగాడు. “చూడండి మేయర్ గారూ, మీకు కావాలంటే టోర్నమెంట్ ఇక్కడే ఉండేలా చూస్తాను. ఏమంటారు?”

గోడవారన కాఫీ పోస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది. ఆర్విల్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు మీదే మొహమాటం కప్పుకుని, చేతులు నలుపుకుంటూ, “అబ్బే, మాకోసం మీరు ఇబ్బంది పడకండి. నగరంలో సదుపాయాలు బాగుంటాయి కదా,” అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా మెచ్చుకోలుగా తలలూపారు. బాగా మాట్లాడాడు, మర్యాదగా మాట్లాడాడు. ప్రూయిట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. అయితే సరేనన్నాడు. లెఫ్సా చాలా బాగుందన్నాడు. కోటు తీసుకుని, అందరితో చేయి కలిపి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఎవరూ లేవలేదు. ఆర్విల్ మాత్రం నేలమాళిగ చిన్న కిటికీ దగ్గరికి నడిచి మునివేళ్ల మీద నిలబడి బయటికి చూశాడు. “మళ్లీ వస్తాడులే,” అన్నాడు.

ఆ వీపు చూసేసరికి ఆర్డిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కాఫీ కుండ బల్ల మీద ధడేలున పెట్టింది.

“ఒరే ఆర్విల్, బుద్ధుందా నీకు? ఆయన రాడు. వాళ్ల ఊళ్లో ఒక్కసారే అడుగుతారు. నీ మర్యాద తగలెయ్య, ఆ ఆడపిల్లల్ని తీసుకెళ్లి చెత్త ఊడ్చేవాళ్ల మధ్య పడేశావు కదరా.”

ఆర్విల్ ఇటు తిరిగాడు. “వెంటనే ఒప్పుకుంటే ఏం బావుంటుంది ఆర్డిస్…”

మిగతాది వినకుండానే ఆమె మెట్లెక్కింది. కోటు వేసుకోలేదు. ఏప్రన్ మీదే మంచులోకి పరిగెత్తి, వెనక్కి వస్తున్న కారు డిక్కీ మీద అరచేత్తో బాదింది. ప్రూయిట్ హడలిపోయి అద్దం దించాడు. అప్పటికి ఆమెకి ఊపిరి అందడం లేదు.

“మాకు కావాలండీ,” అంది. “టోర్నమెంట్ మాకు కావాలి.”

“మీ మేయర్ వద్దన్నారు కదమ్మా?”

“వాడు వద్దంటే కావాలని అర్థం. మీరు ఇంకో రెండుసార్లు అడిగుంటే వాడే చెప్పేవాడు. మా వాళ్లకి ఆ జబ్బుంది. నాకు లేదు. నేను మొదటిసారికే చెబుతున్నాను.”

ప్రూయిట్ నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత, కాలేజీల ప్రిన్సిపాళ్లలో సగంమందికి నార్డ్‌బీయే ఇష్టమని, ఊరు నోరు విప్పి అడగనిదే వాళ్ల దగ్గర తను వాదించలేనని చెప్పాడు. ఇప్పుడు వాదిస్తానన్నాడు. అయితే టీవీవాళ్లని కూడా ఒప్పించాలి. “ఆడపిల్లల ఫైనల్ పొద్దున పదింటికి మారుస్తాను. మీకేం అభ్యంతరం లేదుగా?”

“ఉంది.”

ఆ మాట వెనక మెత్తటి మాట ఏదైనా వస్తుందేమోనని ఆయన ఆగాడు. రాలేదు. ఆర్డిస్ చలికి వణుకుతోంది గానీ కారు అద్దం మీంచి చెయ్యి తియ్యలేదు.

“సాయంత్రం ఏడింటికి. ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా మీరొచ్చి నన్నడగండి. పొద్దున పెట్టేటట్టయితే నగరానికే తీసుకుపోండి. మా ఊళ్లో మాత్రం ఆడపిల్లలు ఖాళీ కుర్చీలకి ఆడరు.”

ఆ రోజు నుంచి తేలేదాకా ఆర్డిస్ ఊరి దుమ్ము దులిపింది. కిరాణా కొట్లోనూ, క్షౌరశాలలోనూ, ఆఖరికి చావు భోజనాల దగ్గర కూడా ఈ మర్యాద మనల్ని ముంచుతోందని దుయ్యబట్టింది. జనం తలలు వంచుకుని, నువ్వన్నది నిజమే కాబోలులే అని మెల్లగా తప్పుకునేవారు. గట్టిగా ఎదురు తిరిగినా బావుండేది, ఆమె కోపానికి ఆనడానికి ఒక గోడైనా ఉండేది. చివరికి కూటమి నుంచి కబురు వచ్చింది. నార్డ్‌బీలోనే, సాయంత్రం ఏడింటికే. టీవీవాళ్లు కోరుకుంటే మధ్యాహ్నం వచ్చి మగపిల్లల ఆట ప్రసారం చేసుకోవచ్చు. ఆర్విల్ ఆమె ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, టోపీ తిప్పుకుంటూ థాంక్స్ చెప్పాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

మార్చి వచ్చింది. ఫైనల్ సాయంత్రం ఆడిటోరియంలో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పక్క ఊరి కాలేజీ పిల్లలు చివరి క్షణంలో గెలిచారు. ఇటుక గోడలు అదిరాయి. కప్పుతో ప్రూయిట్ మైదానం మధ్యలోకి వస్తూ, ముందు వరసలో ఉన్న ఆర్డిస్ దగ్గర ఆగాడు.

“అమ్మా, ఇది మీ చేతుల మీదుగా ఇస్తే బావుంటుంది. ఇస్తారా?”

ఆర్డిస్ నోరు దానంతటదే తెరుచుకుంది. “అబ్బే, నేనెందుకండీ. పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.”

ప్రూయిట్ మర్యాదగా తలూపాడు. పక్కనే ఉన్న ఆర్విల్ చేతిలో కప్పు పెట్టి ముందుకు నడిచాడు.

ఆర్డిస్ నిలబడిపోయింది. ఆయన వీపు వంకే చూస్తోంది. ఒక్కసారి వెనక్కి తిరుగుతాడని, మళ్లీ అడుగుతాడని, ఆ చూపు అలాగే ఉంది. నాన్న గొంతు తన నోట్లోంచి వచ్చిందని అప్పుడు తెలిసింది. కిటికీ దగ్గర ఆయన ఏం చూశాడో కూడా తెలిసింది. ఇన్నేళ్ల కోపం పైకి లేచి, ఎవరి మీదకి వెళ్లాలో తోచక అక్కడే ఆగిపోయింది.

ఆర్విల్ రెండడుగులు వేసి ఆగాడు. ఇన్నాళ్లూ ఆమె తిట్లు తిన్నవాడు. కానీ నార్డ్‌బీలో పుట్టినవాడు, ‘నేనెందుకండీ’ అంటే ఏమిటో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. వెనక్కి వచ్చి కప్పు ఆమె ముందు పెట్టాడు.

“నువ్వే ఇవ్వాలి ఆర్డిస్,” అన్నాడు.

ఆర్డిస్ కళ్లు ఎర్రబడ్డాయి. “ఆలస్యం చేశావు కదరా, ఇటు తే,” అని కప్పు లాక్కుని, బస్సు నడిపే బూట్లతోనే చెక్క నేల మీద చప్పుడు చేసుకుంటూ ఆ పిల్లల దగ్గరికి నడిచింది.

మర్నాడు చర్చిలో కాఫీ దగ్గర ఊరంతా అదే మాట. రెండోసారికే తీసేసుకుందట, మూడోసారి అడగనివ్వనే లేదట.