కారని కప్పు

మా వీధి మలుపులో పంక్చర్లు వేసే ముసలాయన ట్యూబుని గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, అది ఆరేదాకా పక్కన పెట్టి బీడీ వెలిగించుకుంటాడు. కూరగాయల సంచీతో అటు వెళ్తున్నప్పుడు ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ నడక నెమ్మదిస్తుంది. తియ్యగా, ఘాటుగా, కొంచెం మత్తుగా ఉండే ఆ వాసనలో మా నాన్న చేతులున్నాయి, మిషన్ కాంపౌండులో వేపచెట్ల కింద నిలబడ్డ తెల్ల వ్యాను ఉంది, పదేళ్ళ నేనున్నాను. ఆ పదేళ్ళ పిల్లంటే నాకు ఇష్టం లేదు.

మా కాంపౌండు చిలకలూరిపేట నుంచి మార్టూరు వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది. ఒక చర్చి, ఒక బడి, పాస్టరు అయ్యగారి బంగళా, వెనక వరసగా పనివాళ్ళ ఇళ్ళు. పత్తి బళ్ళు వెళ్ళే రోజుల్లో మా ముళ్ళకంచె మొత్తం తెల్లటి పీచు పట్టుకుని ఉండేది, దాన్ని ఏరి మేము బొమ్మలకి దిళ్ళు కుట్టేవాళ్ళం. మాఘం వచ్చిందంటే చుట్టూ కళ్లాల్లో మిరపకాయలు ఎండేవి; గాలి ఇటు తిరిగినప్పుడు ప్రార్థన మధ్యలో ఒకరు తుమ్మితే చర్చి చర్చంతా తుమ్మేది, అయ్యగారు కూడా కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆమెన్ చెప్పేవారు. కోతల పండక్కి గంపల్లో కందులూ జొన్నలూ గుమ్మడికాయలూ తెచ్చి బల్ల ముందు పెడితే, కాళ్ళు కట్టేసిన కోళ్ళు ప్రసంగానికి అడ్డం పడి అరిచేవి. క్రిస్మస్ ముందు పది రోజులూ ప్రతి ఇంట్లోనూ బెల్లప్పాకం వాసన; మా అమ్మ అరిసెలు వత్తుతూంటే చుట్టూ చేరి, చెక్కల మధ్య నుంచి కారిన నూనెలో వేలు ముంచుకుని నాకేవాళ్ళం.

ఈ అన్నిటికంటే మాకు గొప్ప, ఆ వ్యాను. ఎప్పుడో దొరగారు, దొరసాని తమ దేశం నుంచి ఓడలో తెప్పించుకుని, వెళ్ళిపోతూ సంఘానికి వదిలేసిన బండి అది. దాని కప్పు పైకి లేచేది. ఒక పక్క తలుపుకున్నట్టు మూడు బందుల మీద ఆగి, రెండో పక్క పెట్టె మూత తెరిచినట్టు లేస్తే, మధ్యలో చారల గుడ్డ గోడలా సాగేది. ఆ కప్పు కింద, బందుల వైపు, ఒక మనిషి పడుకునే చెక్క పక్క, దాని మీద సన్నటి పరుపు. మా నాన్న జాకోబు ఆ బండికి డ్రైవరు. దొరగారు తాళాలు తన చేతిలోనే పెట్టి వెళ్ళారని చెప్పేటప్పుడు నాన్న నిటారుగా నిలబడేవాడు. ఊళ్ళ మీద పర్యటనకి వెళ్తే చర్చి ముందు ఆ కప్పు లేపి చూపించేవాడు, జనం మూగేవాళ్ళు. కింద పెట్టెలూ హార్మోనియమూ పుస్తకాలూ ఉండేవి. మగవాళ్ళు ఎవరో ఒకరి అరుగు మీద పడుకునేవాళ్ళు. పైన పక్క మాత్రం దీవెనమ్మ గారిది.

ఆమెని అందరూ బైబిలమ్మ అనేవాళ్ళు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పడం, చదువు రాని వాళ్ళకి అక్షరాలు దిద్దించడం ఆమె పని. యాభై అయిదేళ్ళుంటాయేమో. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు. తెల్లచీర, నల్ల గొడుగు, సంచీలో పిప్పరమెంటు బిళ్ళలు. గుడ్డ బోర్డు మీద నోవహు ఓడనీ ఏనుగునీ కోతినీ అంటిస్తూ ఆమె కథ చెప్తూంటే, కలుపు తీసి వచ్చిన కూలి ఆడవాళ్ళు నిద్ర మర్చిపోయి వినేవాళ్ళు. నాకు అ ఆలు దిద్దించింది ఆమే. ఆదివారం పొద్దున నా తలలో పేలు చూసి, నూనె పెట్టి, చెవులు మెలిపెట్టినంత గట్టిగా రెండు జడలు అల్లేది.

ఆ యేడు వేసవిలో అయ్యగారు నాన్నని పిలిచి, వ్యాను కప్పు కారుతోందనీ, పుస్తకాలు తడిస్తే ఊరుకోననీ, ఇంకోసారి కారితే బండి అమ్మేసి అందరం బస్సుల్లో తిరుగుదామనీ అన్నారు. బండి లేకపోతే డ్రైవరు ఎందుకు? నాన్న నాలుగు రోజులు కప్పు మీదే ఉన్నాడు. గుడ్డకి మైనం పట్టించాడు, అంచులకి తారు పూశాడు, కప్పు దించి బిందెలతో నీళ్ళు కుమ్మరించాడు. చుక్క లోపలికి రాలేదు. అయ్యగారు వచ్చి లోపల చెయ్యిపెట్టి చూసి, మెచ్చుకుని వెళ్ళారు.

తొలకరికి పర్యటన మొదలైంది. రెండో ఊళ్ళో తెల్లారేసరికి బైబిలమ్మ పరుపు మధ్యలో తడిసి ఉంది. ఆమె దాన్ని కిందికి దించి, "జాకోబూ, వాన లోపలికి వచ్చింది నాయనా" అంది. బోరింగు దగ్గర పది మంది మగవాళ్ళు ముఖాలు కడుక్కుంటున్నారు. అయ్యగారు కూడా అక్కడే ఉన్నారు. నాన్న పైకెక్కి లోపలి వైపు గుడ్డ తడిమాడు. పొడిగా ఉంది.

"గుడ్డ తడవలా, దిండు తడవలా," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేట్టు. "ఆకాశం నుంచి పడ్డ నీళ్ళయితే తల తడవాలిగా. నడుం కిందే తడిసిందేంది?"

ఎవరో నవ్వారు. "పెద్దతనం గదా, పాపం" అన్నారు ఇంకొకరు. అయ్యగారు ముఖం తుడుచుకుంటూ అటు తిరిగిపోయారు. ఆమె ఆ పరుపుని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిందని, ఎక్కడ ఆరేయాలో తెలియక చివరికి చర్చి వెనక తుమ్మకంపల మీద వేసిందని, నాన్నే ఇంటికి వచ్చాక అమ్మకి నవ్వుతూ చెప్పాడు.

అంతే. వారం తిరిగేసరికి కాంపౌండంతా తెలిసిపోయింది. వాన పడ్డ ప్రతి పర్యటనలోనూ పరుపు తడిసింది. ఆదివారం బడిలో పాటలు కట్టడంలో నాకు మంచి పేరు. "బైబిలమ్మ పక్కలోన బావి పడ్డది, చేద వెయ్యరండి అమ్మలారా" అని నేనే కట్టాను. తొక్కుడుబిళ్ళ ఆడుతూ పాడుకునేవాళ్ళం, ఆమె చర్చి మెట్లు దిగుతూంటే మరీ గట్టిగా పాడేవాళ్ళం. ఆమె మమ్మల్ని తిట్టలేదు. నా జడలు వేయడం మానేసింది, అంతే. దానికి నేను సంతోషించాను కూడా.

పర్యటన రోజుల్లో ఆమె మధ్యాహ్నం నుంచి నీళ్ళు ముట్టుకునేది కాదు. గోంగూర పచ్చడితో అన్నం తిని, ఎండలో నాలుగు వీధులు తిరిగి కథలు చెప్పి, పెదాలు పగిలిపోయినా గ్లాసు పక్కకి జరిపేసేది. అయినా తెల్లారి పరుపు తడిసే ఉండేది. ఒకసారి మా వంటింటి గుమ్మంలో కూచుని, అమ్మ బియ్యం ఏరుతూంటే, "కమలమ్మా, మనిషికి తెలీకుండానే అయిపోద్దంటావా?" అని అడిగింది. "మెలకువగానే ఉంటన్నాను. పడుకోకుండా కూచున్నా కూడా అట్టాగే ఉంటంది." "ఆస్పత్రిలో చూపించుకోండి అక్కా" అంది అమ్మ. నేను గుమ్మం వెనక నోరు మూసుకుని నవ్వాపుకున్నాను.

దసరా సెలవుల్లో నాన్న నన్నూ పర్యటనకి తీసుకెళ్ళాడు. వాయుగుండం పట్టి మూడు రోజులుగా ముసురు. మిరప చేలల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, బండి ఊరి బయట రేగడి నేలలో ఆగిపోయింది. నాకు కొంచెం ఒళ్ళు వెచ్చబడింది. భోజనాలయ్యాక బైబిలమ్మ ఊళ్ళోకి వెళ్తూ, "నా పక్క మీద పడుకో, దుప్పటి కప్పుకో" అని నన్ను పైకెక్కించింది. కప్పు లేపి ఉంది. చినుకుల చప్పుడుకి కన్ను మూతపడింది.

లేచేసరికి నడుం కింద చల్లగా ఉంది. గౌను తడిసిపోయింది. నేనే తడిపాననుకున్నాను. కింద నుంచి ఎవరైనా చూస్తారేమోనని దుప్పటి లాక్కుని పరుపు మధ్యకి జారి బందుల వైపు ముడుచుకున్నాను. అప్పుడు కనపడింది. నా ముఖానికి జానెడు దూరంలో, మధ్య బందు కింద మరమేకు తల మీద ఒక చుక్క ఊరుతోంది. అది పెద్దదై, చెక్క వెంట జారి, చప్పుడు లేకుండా పరుపులోకి ఇంకింది. వెంటనే ఇంకొకటి.

నాన్నని పిలిచాను. ఆయన పైకొచ్చి మేకు తల మీద వేలు పెట్టి, తీసి, తడి చూసుకున్నాడు. కప్పు దించి నీళ్ళు పోస్తే రాని చుక్క, కప్పు లేపినప్పుడు వానంతా వాలుగా బందుల వైపు జారి అక్కడ చేరితేనే వస్తుందని ఆయనకి అప్పుడు అర్థమయింది. నాకూ అర్థమయింది. ఆయన తడి వేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఎవరితోనూ అనమాక," అన్నాడు. "అయ్యగారికి తెలిస్తే బండి పోద్ది. బండి పోతే మనం రోడ్డు మీద పడతాం."

"మరి బైబిలమ్మ గారికి?"

"ఎవరితోనూ అనమాకంటే వినపడలా?"

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం వేపచెట్ల కింద పని మొదలెట్టాడు. బందులు విప్పాడు. ఎండి బిరుసెక్కిన పాత రబ్బరుని చాకుతో గీకేశాడు. సైకిలు ట్యూబు కత్తిరించి, సొల్యూషను రాసి, ఆరబెట్టి, మేకుల కింద బిళ్ళలు బిళ్ళలుగా వేసి బిగించాడు. తర్వాత కప్పు లేపి, నన్ను లోపల పడుకోబెట్టి, పైన బిందెలు కుమ్మరిస్తూ "వస్తందా?" అని అడిగాడు. "రావట్లా" అన్నాను. అప్పుడు గుడ్డ కిటికీలోంచి బయటికి చూశాను. బైబిలమ్మ తన అరుగు మీద కూచుని చీర అంచు కుట్టుకుంటోంది. సూది ఆపి మా వైపు చూసింది. నేను తల కిందికి దించేశాను.

ఆ క్రిస్మస్ కాగానే సంఘ పెద్దలు కూచుని, ఆమెకి వయసు మీద పడిందనీ, విశ్రాంతి అవసరమనీ తీర్మానం చేశారు. కొత్తగా ఒక పడుచు అమ్మాయి బైబిలమ్మగా వచ్చింది. అకాల వానలు పడ్డా ఆ అమ్మాయి పరుపు తడవలేదు. ఇక ఎవరికీ ఏ అనుమానమూ లేకుండా పోయింది. దీవెనమ్మ గారు ఒక రేకు పెట్టె, గొడుగు తీసుకుని వేటపాలెంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. నేను బడిలో ఉన్నాను, చూడలేదు. నాకు చూడాలని లేదు కూడా.

ఈస్టరు మర్నాడు అందరం అదే వ్యానులో వాడరేవు వెళ్ళాం. సముద్రం ఒడ్డున చాపలు పరిచి పులిహోర తింటూంటే ఆమె వచ్చింది, మేం వస్తున్నామని తెలిసి వేటపాలెం నుంచి బస్సులో వచ్చిందట. జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. పిక్కల జీడి అంటుకుని వేళ్ళు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. పిల్లలు కొందరు ముక్కు మూసుకుని దూరం జరిగారు. ఆమె చెంగులో కట్టి తెచ్చిన జీడిపప్పు బద్దలు నా చేతిలో పోసింది. తర్వాత నాన్న పక్కన, ఇసకలో కూచుంది.

"ఆ పిల్ల పడుకుంటే తడవట్లేదంటగా జాకోబూ?"

నాన్న ఒడ్డున ఆరేసిన చేపల వైపు చూస్తూ, "తడవట్లేదండి" అన్నాడు.

"బండికి ఏమన్నా చేశావా? ఆరోజు పైన ఏదో విప్పుతా కనపడ్డావు."

"ఊరికే. తుప్పు గీకాను."

ఆమె తల ఊపింది. "అయితే నాలోనే లోపం" అంది. నేను ఆమెకి రెండడుగుల దూరంలో ఉన్నాను, నోటి నిండా ఆమె తెచ్చిన పప్పు.

ఇప్పుడు ఆ కాంపౌండు లేదు. చర్చిని రోడ్డు పక్కకి కొత్తగా కట్టారు. వేపచెట్లున్న చోట గ్రానైటు పాలిషు యూనిట్లు, పగలంతా రాయి కోసే మోత, తెల్లటి బురద. కళ్లాలు పోయి కోల్డు స్టోరేజీలు వచ్చాయి, ప్రార్థనలో ఎవరూ తుమ్మడం లేదు. వ్యానుని ఎప్పుడో తూకానికి అమ్మేశారు. నాన్న చనిపోయి మూడేళ్ళయింది. ఆఖరి దాకా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆయన పోయాకే నేను వేటపాలెం వెళ్ళాను. దీవెనమ్మ గారి తమ్ముడి కొడుకు ఇల్లు దొరికింది. ఆమె పోయి చాలా కాలమయిందట. గుమ్మంలో నిలబడే, ఎవరి కూతుర్నో చెప్పి, ఎలా ఉండేదని అడిగాను.

"బాగానే చూసుకున్నామండి," అన్నాడాయన. "మంచం మీద మటుకు పడుకునేది కాదు. ఎంత చెప్పినా వినేది కాదు. గోనెపట్టా వేసుకుని నేల మీదే. తడిస్తే కడుక్కోవటం తేలికనేది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు తడిసింది లేదు. అయినా భయం. పొద్దుగూకాక నీళ్ళు తాగేది కాదు. మూత్రపిండాలు పాడయ్యాయి, దాంతోనే పోయింది."

అప్పుడు చెప్పాను. మధ్య బందు, మరమేకు, చుక్క, వాడరేవులో ఆమె అడిగిన మాట, నాన్న, నేను. అన్నీ చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. లోపల ఎవరో టీవీ కట్టేశారు.

"మా అత్త అడిగిన రోజున చెప్తే సరిపోయేదండి" అన్నాడు.

లోపలికి రమ్మనలేదు. నేను చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచాను.