కండెకు రెండు గుక్కలు

మూడేళ్ల కిందటి మాట. నల్లగొండ జిల్లాలోని మా ఇంట్లో నేను, ఎనభై దాటిన మా అమ్మ, ఒక గుంటమగ్గం. ఇంకెవరూ లేరు. అమ్మకు తెలియకుండానే మూత్రం పోయేది. మాటిమాటికీ మగ్గం గుంటలోంచి లేచి బట్ట మార్చలేక, పగటిపూట ఆమెకు నీళ్లు తగ్గించేశాను. తెలివైన పనే చేశాననుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే అమ్మ నా చేయి తోసేసింది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"నేనే అమ్మా, నీ కొడుకును."

ఆమె ఇల్లంతా కలయజూసింది. "గీ ఇంట్ల ఎవ్వరు లేరా? ఒక్కనివే ఉంటవా?"

నేను పక్కింటికి పరుగెత్తాను. గాలి సోకిందని పక్కింటామె నిమ్మకాయ దిగదుడిచింది. ఒళ్లు కాలిపోతోందని నేను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను.

"మూత్రంల ఇన్ఫెక్షన్ ఉంది. గీ వయసుల దీంతోనే మనుషులను గుర్తుపట్టరు. నీళ్లు మంచిగ తాపుతున్నరా?" అని డాక్టరమ్మ అడిగింది. నేనే తగ్గించానని చెప్పాను.

మందులతో వారానికి అమ్మ నన్ను గుర్తుపట్టింది. నీళ్ల గ్లాసు అందిస్తే, "వద్దు బిడ్డా, మల్ల నువ్వు గుంటలకెళ్లి లేవాలె" అంది.

ఇప్పుడు మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయినప్పుడల్లా లేచి, రెండు గుక్కలు తాపి, బట్ట చూసి వస్తాను. ఆ రోజు నన్నేమడిగిందో అమ్మకు గుర్తులేదు. మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా నాకు మాత్రం ఆ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది.