ఫీజు కింద ఒక తప్పు

అకౌంటెంటమ్మ పోయిందని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. చేసింది బేగం బజార్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే అమ్మాయి. "సార్, అమ్మ పోయిన్రు. నిద్రలనే పోయిన్రంట. తిప్పల పడలే," అంది. నిజం చెప్పాలి కదా, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒక పెద్ద నిట్టూర్పు. నాలుగు నెలలుగా దవాఖానకీ ఇంటికీ మధ్య తిరిగి తిరిగి నలిగిపోయిన ఒళ్లు ఆమెది. పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదంటారు. ఎందుకు రాయకూడదు? బాధ తీరితే తీరిందనే అంటాను.

ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. మరి ఆదివారం ఏమవుతుంది?

ఆదివారం అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. ఆమె అబిడ్స్‌లో ఒక కాగితాల దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాసింది. చదివింది ఇంటర్ వరకే. ఆ దుకాణం గోడౌను నాంపల్లి స్టేషన్ దారిలో ఒక మేడ మీద ఉంది. సెలవు రోజున దాని తాళంచెవి ఆమె చేతిలో ఉండేది. పదింటికల్లా చుట్టుపక్కల దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో లెక్కలు రాసేవాళ్లం పది పన్నెండు మందిమి మెట్లెక్కేవాళ్లం. కాగితం కట్టల మీదే కూర్చునేవాళ్లం. కొత్త రూలు వస్తే అర్థం చేసుకోవడం, ఒకరి చిక్కు ఇంకొకరు విప్పడం, అంతే పని. ఉన్నది ఒకటే షరతు. సందేహం అడగాలంటే ముందు నువ్వు చేసిన తప్పొకటి అందరి ముందూ చెప్పాలి.

"ఈడ ఫీజు పైసలు కాదు బిడ్డా. నీ తప్పొకటి," అనేది. "పక్కోళ్ల తప్పు నడవదు. సొంతది కావాలె."

నేను కట్టిన ఫీజు చెబుతాను. అప్పట్లో గాజుసామాన్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. దుకాణం కిరాయిలోంచి కోసిన పన్ను ప్రభుత్వానికి కట్టేటప్పుడు చలానాలో సంవత్సరం వేయాలి. సంపాదించిన సంవత్సరం ఒకటి, దాని లెక్క చూసే సంవత్సరం ఇంకొకటి. వేయాల్సింది రెండోది. నేను మొదటిది వేశాను, అదీ వరసగా మూడు నెలలు. కొన్నాళ్లకు పన్నే కట్టలేదని నోటీసు వచ్చింది. దుకాణం యజమాని సేట్ నా మొహంలోకి చూసి, "ఆ పైసలు ఎటు పోయినయ్?" అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం నాకు తెలుసు. వారం రోజులు అన్నం సహించలేదు. తెలిసినాయన ఒకరు బలవంతాన ఆ మేడకు తీసుకెళ్లాడు.

"అదండీ, పొరపాటున ఏదో జరిగినట్టుందండీ, సిస్టమ్‌లో..." అని నసుగుతున్నాను.

"ఏంది, సిస్టమ్ జేసిందా?" అందామె. "మీ ఆంధ్రోళ్లు అండీ అండీ అనుకుంట తప్పును దుప్పటి కింద పండవెడ్తరు. ఎవలు జేసిన్రో చెప్పు."

"నేనే చేశాను," అన్నాను. గది గదంతా నవ్వింది. నవ్వులో ఎకసెక్కం లేదు. ఒకాయన జరిగి చోటిచ్చాడు. "నేను ఇదే తప్పు రెండుసార్లు చేసిన తమ్మీ, ఫికర్ జెయ్యకు," అన్నాడు. ఆమె నా చలానాలు చూసి తేల్చేసింది: "పైసలు యాడికి పోలే. సర్కారు ఖజానాల్నే ఉన్నయ్. పక్క సంవత్సరం అరల పడ్డయ్. అర మార్చుమని దరఖాస్తు పెట్టాలె, గంతే."

దరఖాస్తు రాసిపెట్టమని బతిమాలాను. రాయలేదు. పక్కన కూర్చుని నాతోనే నాలుగుసార్లు రాయించింది. ఎవరైనా సాయం చేద్దామని కీబోర్డు మీదికి వంగితే చెయ్యి మీద ఒక్కటి వేసేది. "నువ్వు కొట్టిస్తే రేపు ఆయనకు యాద్ ఉండది. ఆయన చేతులే తిరగాలె." దరఖాస్తు మంజూరైన రోజు సేట్ ఏమీ అనలేదు, కనీసం సారీ కూడా. నేను మాత్రం అబిడ్స్ పోస్టాఫీసు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. దొంగను కాదని రుజువైన మనిషికే తెలుస్తుంది ఆ తేలిక.

ఇప్పుడు నా కోపం సంగతి. మన వ్యాపారాల్లో లాభం వస్తే సేట్ తెలివి, నోటీసు వస్తే గుమస్తా తప్పు. పై మెట్టు మీద ఉన్నవాడి తప్పు కింది మెట్టుకు జారుతుంది, కిందివాడు నోరు మూసుకుని భయంతో దాస్తాడు, దాచిన తప్పు పెరిగి ఉద్యోగాన్నే మింగుతుంది. ఈ రోగానికి మందంటూ వీధివీధినా కోర్సులు అమ్ముతున్నారు. మూడు నెలలు, చేతికో సర్టిఫికెట్, గోడకో ఫోటో. ఒక్క క్లాసులోనైనా మాస్టారు లేచి 'నేను ఇక్కడ బోల్తా పడ్డాను' అని చెప్పగా విన్నారా? నేను వినలేదు. ఇంటర్ చదివిన ఒక ఆడమనిషి కాగితం కట్టల మధ్య ఆ పని చేసి చూపించింది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందుగా తన తప్పే చెప్పేది.

ఆమెతోనూ తగువు పడ్డాను. ఇంత పనికీ ఆమె దుకాణంలో తెచ్చుకున్న జీతం వింటే సిగ్గేస్తుంది. "అడగండమ్మా, మేమంతా వెనక నిలబడతాం," అంటే, "నీకు మస్తు కోపం బిడ్డా. కోపంతోని రిటర్న్ ఫైల్ కాదు," అని నవ్వి ఊరుకునేది. ఆ విషయంలో ఆమెది తప్పేనని ఇప్పటికీ అంటాను. సొంత తప్పులు చెప్పమన్న మనిషి కనుక, ఈ మాటకు ఏమీ అనుకోదు.

మంచం పట్టాక తాళంచెవి బేగం బజార్ అమ్మాయికి ఇప్పించింది, ఆదివారం మాత్రం మానలేదు. మేం గోడౌనులో ఫోన్ స్పీకర్ పెట్టేవాళ్లం. అటునుంచి నీరసంగా, "ఆగు, గా మాట మళ్ల చెప్పు. గాడనే దాస్తున్నవ్," అని వినిపించేది.

ఆ గొంతు లేని మొదటి ఆదివారం తొమ్మిదిమందిమి చేరాం. కొత్త అమ్మాయిలు ఇద్దరు. బేగం బజార్ అమ్మాయి వాళ్లను కూర్చోబెట్టి, "ఎవరైనా షురూ చెయ్యండ్రి," అంది. ఎవరూ నోరు విప్పలేదు. తప్పులు లేక కాదు. ఇన్నాళ్లూ ఆమెకు చెప్పామా, ఒకరికొకరం చెప్పుకున్నామా అన్నది తేలేది ఇప్పుడే. ఆమెకే చెప్పుకుని ఉంటే అంతా ఆమెతోనే పోయినట్టు.

మాలో పెద్ద చదువున్నాయన ఒక్కరే, సొంత ఆఫీసున్న చార్టర్డ్ అకౌంటెంట్. నాలుగేళ్లుగా వస్తున్నాడు. సందేహాలు తీర్చేవాడే గానీ అడిగేవాడు కాదు కనుక, ఎప్పుడూ క్లయింట్ల తప్పులు చెప్పేవాడు తప్ప సొంతది చెప్పి ఎరగడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇకనుంచి నేను నెలకో లెక్చర్ ఇస్తాను. ప్రొజెక్టర్ తెస్తాను," అన్నాడు.

"అయిపోయింది! ఇదీ కోచింగ్ సెంటరే!" అని లేచాను. ఇంకా చాలా అనబోయాను.

బేగం బజార్ అమ్మాయి నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "సార్, మీరు తర్వాత లొల్లి పెట్టుకోండ్రి." ఆయన వైపు తిరిగింది. "లెక్చర్ ఇద్దురు గానీ సార్, ముందు మీ ఫీజు బాకీ ఉంది."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు.

"ఒకే పేరున్న షాపులు రెండు నా దగ్గర ఉన్నాయి," అన్నాడు చివరికి. "ఒకరు వ్యాపారం మూసేస్తున్నాం, జీఎస్టీ నంబరు రద్దు చేయించమన్నారు. నేను రెండో షాపుది రద్దు చేయించాను. నడుస్తున్న షాపు. మళ్లీ తెరిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "క్లయింట్‌కు మా జూనియర్ చేసిందని చెప్పాను. ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశాను. సంతకం నాది. తప్పు నాది."

నా నోట్లో వంద మాటలు ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆశ్చర్యమేమిటంటే, అవి రాకపోవడమే హాయిగా అనిపించింది.

కొత్తగా వచ్చిన అమ్మాయిల్లో ఒకతె మెల్లగా అడిగింది. "సార్, ఆ జూనియర్ నంబర్ ఉందా మీతాన?"

"ఉంది."

"ఇయ్యాల సెలవే కదా. ఇంట్ల ఉంటది."

ఆయన మా అందరి మొహాలూ చూశాడు. లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. కింద ఆటోల హారన్లు మోగుతున్నాయి. గాజు తలుపులోంచి ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఒక చేతిలో ఫోన్, రెండో చెయ్యి ఇనుప ఊచ మీద బిగుసుకుని ఉంది. తర్వాత తల వంచి ఏదో మాట్లాడాడు, ఆగాడు, విన్నాడు. ఇంకా చాలాసేపు విన్నాడు. ఊచ మీది వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.