నిండుకున్న తుపాకి

మా ఇందుకూరుపేట నుంచి సముద్రానికి పోయే దారిలో ఒక రిసార్టు ఉంది. పేరెందుకు లెండి. సెలవు రోజుల్లో జనం అక్కడికి వచ్చి, ముఖాలకు మాస్కులు తగిలించుకుని, ఒకరినొకరు రంగు గుండ్లతో కాల్చుకుని, వీపుల మీద పచ్చ మరకలు చూసుకుని నవ్వుకుంటూ భోజనానికి పోతారు. పెయింట్‌బాల్ అంటారు ఆ ఆటని. వాళ్లు భోజనాలకు లేచాక ఆ తుపాకులన్నీ నా బల్ల మీదికి వస్తాయి. వాటిని విప్పడం, కడగడం, తుడవడం, నూనె పెట్టి మళ్లీ బిగించడం నా పని. కొత్తవాళ్లు నన్ను కింది నుంచి పైకి చూస్తారు. నలభై ఏడేళ్ల ఆడమనిషి కొంగు నడుముకు దోపుకుని, పళ్లు తోముకునే బ్రష్షు పట్టుకుని తుపాకి మీద కుస్తీ పడుతోందేమిటని. చూడనివ్వండి, నాకేం నష్టం.

నిజానికి నేను అక్కడ చేరింది కర్టెన్లు, దిండు గలీబులు కుట్టడానికి. ఇరవై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కినదాన్ని. మిషన్ మొరాయిస్తే విప్పి బాగుచేసుకోవడం కూడా నాకు నేనే నేర్చుకున్నాను. చేరిన కొత్తలో ఒక డిసెంబరు ఉదయం తుపాకులు ఒక్కటీ పేలడం లేదని నలుగురు మగవాళ్లు చుట్టూ చేరి తలో మాటా అంటుంటే, వెళ్లి ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. కొబ్బరినూనె! జడ వేసుకునే ముందు తలకు పట్టించినట్టు పట్టించారు. గ్యాస్ వదిలినప్పుడల్లా ఆ తుపాకి లోపల చల్లబడిపోతుంది. చలికాలం సీసాలో పేరుకున్నట్టే నూనె లోపల పేరుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

“తలకు రాసుకునేది తీసకొచ్చి దీనికి పూస్తారా? దీంతోపాటు నూనె సీసా ఒకటి వచ్చుంటాది గదా, ఏదది?” అన్నాను.

వచ్చింది. మూత కూడా తీయకుండా బీరువాలో భద్రంగా పెట్టారు. ఆ రోజు నుంచి తుపాకుల బాధ్యత నాదైంది.

సముద్రం పక్కన ఇనుము బతకడం కష్టం. గాలిలో ఉన్న ఉప్పంతా మరల్లోనే చేరుతుంది. రంగు గుండ్ల సంగతి ఇంకా అన్యాయం. వాటి పైపొర మనం మింగే క్యాప్సూల్ మాత్రల పొరలాంటిది. డబ్బా మూత గట్టిగా పెట్టకపోతే తేమకు ఉబ్బిపోయి, గొట్టంలో పట్టక, బయటికి రాకముందే పగులుతాయి. మూత పెట్టండ్రా అని చెప్పి చెప్పి నా నోరు పోయింది. పగిలిన రంగు ఎండిపోకముందే గోరువెచ్చని నీళ్లతో కడగాలి. పాత నూలు చీర ముక్కను దారానికి కట్టి గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరికి లాగాలి. రబ్బరు రింగుల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమి పగుళ్లున్నాయేమో చూడాలి. ఇవన్నీ ఓపికతో చేసే పనులు. నాకు ఓపిక లేదని మా ఇంట్లో అంటారు కానీ, అది మనుషుల దగ్గర. ఇనుము దగ్గర నాకు ఎంతైనా ఓపికే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. గ్యాస్ బుడ్డిని తుపాకి నుంచి తీసేయాలి. తీశాక లోపల మిగిలిన గ్యాస్ పోయేదాకా ఇసుక బకెట్లోకి పేల్చాలి. ఆ తర్వాతే మర మీద చేయి వేయాలి. నాలుగేళ్లలో ఈ పద్ధతి నేను ఒక్కసారే తప్పాను.

పోయిన ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. మా ఓనరు సార్ స్నేహితుడి కొడుకు. తెలుగువాళ్లే, కానీ పుట్టి పెరిగింది బెంగళూరులో. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. మనిషి చెడ్డవాడు కాదు. మన మాటలు నేర్చుకోవాలని మహా ఉబలాటం. వంటగదిలో కొత్త మాట ఏదైనా చెవిన పడితే మధ్యాహ్నానికల్లా ఎక్కడో ఒకచోట వాడేస్తాడు. ఒకరోజు నేను నింపాదిగా టీ తాగుతుంటే వచ్చి, “ఏందక్కా, బిత్తరపోయినావు?” అని పలకరించాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వడం మాని అప్పుడే కూర్చోబెట్టి సరిదిద్ది ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతనే ఒక తుపాకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల గుండు పగిలి జిగురు పట్టేసింది. ట్రిగ్గర్ నొక్కితే కదలదు, కాబట్టి ఇసుకలోకి పేల్చి చూసే దారి లేదు. గ్యాస్ బుడ్డి తిప్పితే తిరగదు, ఉప్పుకు మర బిగుసుకుపోయింది. బయట ఇంకో గుంపు మాస్కులు పెట్టుకుని తొందరపెడుతోంది. బుడ్డి తగిలించింది అతనే కాబట్టి అతన్నే అడిగాను.

“బాబూ, దీంట్లో గ్యాస్ ఉండాదా?”

“నిండుకుందక్కా,” అన్నాడు.

అంటూ బొటనవేలు కూడా పైకెత్తాడట. నేను తుపాకి వైపు చూస్తున్నాను, అతని వేలు చూడలేదు.

తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఇంట్లో ఉప్పు అయిపోతే అయిపోయిందనరు, నిండుకుంది అంటారు. ఇంట్లో లేదు అనే మాట పలకడం ఇష్టం లేక పెద్దవాళ్లు దాన్ని అలా తిప్పి పెట్టారు. మాది ప్రార్థన చేసుకునే కుటుంబం. శకునాలు పట్టించుకోమని గొప్పగా చెప్పుకుంటాం. అయినా మా అమ్మ ఒక్కనాడు కూడా బియ్యం లేవు అనలేదు. బియ్యం నిండుకున్నాయి అనేది, మేం సంచి పట్టుకుని అంగడికి పరిగెత్తేవాళ్లం. ఆ మాటకు రెండో అర్థం ఉంటుందని నాకు కలలో కూడా తట్టలేదు. నిండు అంటే నిండుగా ఉన్నట్టే కదా అని ఆ అబ్బాయి అనుకున్నాడు. వంటగదిలో గ్యాస్ నిండుకుందని ఎవరో అనగా విన్నాడు, ఇక్కడా గ్యాస్ గురించే వాడాడు.

నిండుకుంది, అంటే ఖాళీ. ఖాళీ అయితే బుడ్డి ఊడకపోయినా ఫరవాలేదనుకుని తుపాకి వెనక మూతను తిప్పడం మొదలుపెట్టాను. కళ్లద్దాలు నా తల పక్కనే మేకుకు వేలాడుతున్నాయి. ఖాళీ తుపాకికి అద్దాలెందుకని వాటి జోలికి పోలేదు. మూడో చుట్టు తిప్పేసరికి మూత ఎగిరింది. చప్పుడు వినపడింది కానీ దెబ్బ తెలియలేదు. కుడి కన్ను తెరుద్దామంటే తెరుచుకోలేదు. బల్ల మీద, తుడిచే గుడ్డ మీద రక్తం పడుతుంటే మొదట అది కూడా రంగే అనుకున్నాను.

నెల్లూరు ఆస్పత్రిలో కంటి కింద ఐదు కుట్లు వేశారు. వేలి మందం పైన తగిలి ఉంటే కనుగుడ్డు పోయేదని డాక్టరమ్మ చెప్పింది. కన్ను దక్కింది. కానీ ఎండ చూస్తే ఇప్పటికీ నీళ్లు కారతాయి. సూదిలో దారం ఎక్కించాలంటే కుడి కన్ను మూసుకోవాలి.

మూడో రోజు సార్ ఆస్పత్రికి వచ్చారు. చేతిలో తెల్లకాగితాలు, పెన్ను. బత్తాయిలు బల్ల మీద పెట్టి, ఎట్లుండావక్కా అని అడిగి, అసలు మాటకు వచ్చారు.

“రేపు ఎవురన్నా అడిగితే చూపించేదానికి ఒక కాగితం ఉండాల గదా. జరిగింది జరిగినట్టు రాసియ్యి. మావాడు ఏమంటాడంటే, గ్యాస్ నిండుకుందని ముందే చెప్పినా గూడా నువ్వు...”

అక్కడ ఆగిపోయారు. నిండుకుంది అన్న మాట ఆయన నోట్లోంచే వచ్చింది, ఆయన చెవిలోనే పడింది. సార్ పక్కా నెల్లూరు మనిషి. ఆయన ఇంట్లోనూ ఉప్పు నిండుకుంటుంది, పప్పు నిండుకుంటుంది. నేను ఒక్క కంటితో ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు నాకూ తెలిసింది. ఆయన కిటికీ వైపు తిరిగి, “సరేలే, తీరిగ్గా రాయి,” అన్నారు.

నాకు కావలసింది ఒక్కటే. నా చేతిపని మీద మచ్చ పడకూడదు. ఈమె చూసుకోకుండా విప్పేసే తొందరపాటు మనిషి అన్న మాట ఒకసారి బయటికి పోయిందంటే ఇక నాకు తుపాకి పనీ ఉండదు, మిషన్ పనీ రాదు. చుట్టుపక్కల నా పేరు చెప్పి పిలిచేది ఆ నమ్మకంతోనే. అందుకే ఏదీ దాచకుండా రాశాను. పైన సగం పేజీ మేనేజరు అన్న మాట, నేను విన్న అర్థం, ట్రిగ్గర్ పట్టేసిన సంగతి రాశాను. కింద సగం నా తప్పులు రాశాను. అద్దాలు పెట్టుకోలేదు, బుడ్డి ఊడదీయకుండా మూత విప్పాను, ఇది నా తప్పు అని. ఎవరూ అడగకపోయినా నా తప్పు నేనే రాసుకున్నాను. నిజం చెప్తున్నప్పుడు పూర్తిగా చెప్పాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. కింద సంతకం పెట్టి ఇచ్చాను.

నెలన్నర తర్వాత పనిలోకి వెళ్లాను. తుపాకుల గదిలో నా బల్లకు ఎదురుగా గోడ మీద నా చేతిరాతే కనపడింది. పెద్దక్షరాలు చేయించి, పైన ప్లాస్టిక్ కవరు వేయించి అంటించారు. పై సగం లేదు. “అద్దాలు పెట్టుకోలేదు” దగ్గర మొదలై, “ఇది నా తప్పు” దగ్గర, నా సంతకంతో ముగుస్తోంది. గదులు ఊడ్వడానికి కొత్తగా చేరిన ఆమె చీపురు పట్టుకుని నిలబడి దాన్ని చదువుతోంది. నన్ను చూసి, “ఆ తప్పు చేసినామె మీరేనా అక్కా?” అంది. పాపం, మర్యాదగానే అడిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను.

“ఎందుకంటించినావు దాన్ని గోడకు? నన్ను ఊరందరి ముందర నిలబెడదామనా?”

అతను నిజంగానే బిత్తరపోయాడు. “ఏది అక్కా? ఆ సేఫ్టీ రూల్సా? మీరే రాసిచ్చారని సార్ చెప్పారే. గన్స్ ముట్టుకునేవాళ్లంతా చదవాలి, పెట్టు అన్నారు. నాకు తెలుగు రీడింగ్ రాదు కదా.”

నెలన్నర పాటు మంచం మీద పడుకుని ఎవరినైతే తిట్టుకున్నానో, ఆ మనిషికి తను గోడకు ఏం అంటించాడో కూడా తెలియదు. నా కోపానికి చోటు లేకుండా పోయింది. ఒక్క నిమిషమే. తర్వాత దానికి సరైన చోటు దొరికింది.

“నాతో రా,” అని అతన్ని వెంటబెట్టుకుని సార్ గదిలోకి పోయాను. సార్ మజ్జిగ తాగుతున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సార్, నిండుకుంది అంటే ఏందో ఈ అబ్బాయికి మీరే చెప్పండి.”

“ఇప్పుడదెందుకక్కా...”

“చెప్పండి సార్. మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే మీరేం చేస్తారో అదే చెప్పండి.”

సార్ గ్లాసు కింద పెట్టారు. బల్ల వైపు చూస్తూ, “అయిపోయిందని అర్థంలే,” అన్నారు.

మేనేజరు నవ్వాడు. “లేదు సార్, నిండు అంటే ఫుల్ కదా.” మేమిద్దరం నవ్వలేదు. అతను నా వైపు చూశాడు. నా ముఖం మీద కుట్ల గుర్తు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే అతని నవ్వు పోయింది. సార్ వైపు తిరిగాడు.

“సార్, ఇది మీకు ఆ రోజే తెలుసా?”

నేను అడగాల్సిన ప్రశ్న అతనే అడిగాడు. సార్ నా వైపు తిరిగి, “పాత సంగతి ఎందుకు తవ్వుతావక్కా,” అన్నారు.

“పాతదెట్లయితాది సార్? ఆ సగం కత్తిరించింది మీరు. చదవడం వచ్చి గూడా కత్తిరించినారు. నా తప్పు నేను రాసుకుంటే దాన్నే నా మెడకు కట్టినారు గదా.”

ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను. బయట భోజనాలు చేస్తున్నవాళ్లు తల తిప్పి చూసేంత గట్టిగానే అన్నాను. నేను బయటికి వచ్చేసరికి గోడ మీద కాగితం లేదు. ఆ అబ్బాయే గోళ్లతో పీకాడు. సున్నం పెచ్చులు కూడా ఊడిపోయాయి.

అతని మీద నా కోపం ఆ రోజుతో పోయింది. తెలియక ఒక మాట అన్నాడు. సార్ మీద మాత్రం పోలేదు. ప్రార్థనలో క్షమించమంటారు. ప్రయత్నించాను, నావల్ల కాలేదు. ఇంకా అక్కడే పనిచేస్తున్నావెందుకని ఇంట్లో అడుగుతారు. నేను మానేస్తే, తప్పు చేసి వెళ్లిపోయిందనే కదా అంటారు.

సార్ అప్పుడప్పుడూ నా గదికి వస్తారు. తెలుగులో అడగడానికి మొహమాటం. “ఫుల్లా, ఎంప్టీనా అక్కా?” అంటారు గుమ్మంలో నిలబడి. బుడ్డి తగిలించిన తుపాకి తీసి ఆయన చేతిలో పెడతాను, పక్కనే స్క్రూడ్రైవరు పెడతాను.

“మీరే విప్పి చూసుకోండి సార్,” అంటాను.

ఇంతవరకు ఆయన విప్పలేదు.